దూరవిద్యలో ఎంబెడెడ్ ఎంఎల్: కోర్సు కంటే ముందు ఒక సెన్సర్

ప్రశ్న: నా వయసు ముప్పై నాలుగు. ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ చేశాను కానీ పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలోనే ఉన్నాను, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని చాలా కాలమైంది. ఎంబెడెడ్ కంప్యూటింగ్ (పరికరాల లోపల ఉండే చిన్న కంప్యూటర్ల పని), మెషీన్ లెర్నింగ్ (ఎంఎల్) రెండూ కలిపి నేర్పే దూరవిద్య మాస్టర్స్ ఒకటి చూశాను. రెండేళ్ల కోర్సు, ఉద్యోగం చేస్తూనే పూర్తి చేయొచ్చని రాశారు. నాకు సోమవారం నుంచి శుక్రవారం వరకు రాత్రిపూట గంటన్నర, ఆదివారం నాలుగు గంటలు దొరుకుతాయి. ల్యాబ్ లేకుండా హార్డ్‌వేర్ వస్తుందా? లెక్కలు పూర్తిగా మర్చిపోయాను. ఇంతకుముందు మూడు ఆన్‌లైన్ కోర్సులు మొదలుపెట్టి సగంలో వదిలేశాను, ఇప్పుడూ అదే జరుగుతుందేమోనని టెన్షన్. చేరమంటారా, వద్దంటారా?

సమాధానం: చేరండి, కానీ ఈ సెమిస్టర్‌లో వద్దు. ఇప్పుడే ఫీజు కట్టకుండా పన్నెండు వారాలు నేను చెప్పే ఒక్క పని చేసి చూడండి. అది చేశాక కూడా ఈ చదువు మీద ఇష్టం ఇలాగే ఉంటే అప్పుడు నిశ్చింతగా చేరొచ్చు. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నాలుగు భయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీసి చూస్తే గానీ జవాబు తేలదు. నేనూ ఉద్యోగం చేస్తూ, ఎదురుగా చెప్పేవాళ్లు లేకుండానే ఈ పని నేర్చుకున్నాను, ఎక్కడెక్కడ కాళ్లు తడబడతాయో తెలుసు.

ముందు గంటల లెక్క చూద్దాం. మీకు వారానికి దొరికేవి పదకొండున్నర గంటలు. యూరప్ యూనివర్సిటీల పద్ధతిలో ఒక ఇసిటిఎస్ క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, రెండేళ్ల మాస్టర్స్‌కి మామూలుగా 120 క్రెడిట్లు ఉంటాయి. తక్కువలో తక్కువ వేసుకున్నా 3,000 గంటలు. పదకొండున్నరతో భాగిస్తే 260 వారాలు, అంటే ఒక్క వారం కూడా మానకుండా ఐదేళ్లు. మీరు చూసిన కోర్సుకి క్రెడిట్లు ఇందులో సగమే ఉండొచ్చు, లెక్క వేరే పద్ధతిలో ఉండొచ్చు, అందుకే వాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎన్నేళ్లు' అని కాదు, 'మొత్తం ఎన్ని గంటల పని' అని. ఉద్యోగం చేస్తూ చదవొచ్చు అన్నదీ, రెండేళ్లు అన్నదీ విడివిడిగా నిజాలే కావచ్చు, రెండూ మీకు ఒకేసారి నిజం కావు. సెమిస్టర్‌కి ఒక్క సబ్జెక్టే తీసుకునే వీలు, ఇంట్లో ఏదైనా అవసరం వస్తే ఒక సెమిస్టర్ ఆపి మళ్లీ వచ్చే వీలు ఉన్న చోటే చేరండి. దీన్ని ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మూడు కోర్సులు వదిలేసిన అనుభవం ఉన్న మనిషి గంటలు చాలక వెనకబడినా సరే, దాన్ని తన చేతకానితనం కింద జమ వేసుకుంటుంది. చదవలేకపోవడం వేరు, టైం లేకపోవడం వేరు.

ఇక ల్యాబ్. ల్యాబ్ లేకుండా హార్డ్‌వేర్ రాదు, అందులో సందేహం లేదు. కానీ ల్యాబ్ అంటే కాలేజీలో ఉండే గదే కానక్కర్లేదు. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 1971లో మొదటి విద్యార్థులను చేర్చుకున్నప్పుడే సైన్స్ వాళ్లకి ప్రయోగ సామగ్రి పెట్టెలో పెట్టి ఇంటికి పంపింది, అందులో చేతిలో ఇమిడే మైక్రోస్కోప్ కూడా ఉండేది. 2014లో టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్ ప్రొఫెసర్లు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఎంబెడెడ్ సిస్టమ్స్ కోర్సు పెట్టినప్పుడు బోర్డు విద్యార్థే కొనుక్కోవాలి, చేసిన పనిని ముందు సిమ్యులేటర్‌లో (బోర్డును కంప్యూటర్‌లోనే అనుకరించే ప్రోగ్రామ్), తర్వాత అసలు బోర్డు మీద ఆటోమేటిక్ గ్రేడర్ పరీక్షించేది. హార్వర్డ్ వాళ్ల టైనీఎంఎల్ (చిన్న చిప్‌ల మీద మెషీన్ లెర్నింగ్) కోర్సు కూడా అర్డ్యూయినో నానో 33 బీఎల్ఈ సెన్స్ అనే చిన్న బోర్డు చుట్టూ కట్టిందే, అందులో 256 కిలోబైట్ల ర్యామ్, 1 మెగాబైట్ ఫ్లాష్, మైక్, మోషన్ సెన్సర్ అన్నీ ఉన్నాయి. కాబట్టి దూరం నుంచి హార్డ్‌వేర్ నేర్పడం యాభై ఏళ్ల కిందటే మొదలైంది, కుదిరే పనే.

కానీ ఇలాంటి చాలా కోర్సుల్లో ఒక లోటు ఉంటుంది, నేను చెప్పదలుచుకున్న అసలు విషయం అదే. దూరవిద్యలో అందరికీ ఒకేలా మార్కులు వేయాలి కాబట్టి డేటా వాళ్లే ఇస్తారు. శుభ్రం చేసి, పేర్లు పెట్టి, శిక్షణకీ పరీక్షకీ విడగొట్టిన డేటా. మీరు మోడల్ (డేటా చూసి నేర్చుకునే ప్రోగ్రామ్) రాస్తారు, నూటికి ఎన్ని సరిగ్గా చెప్పిందో అంకె వస్తుంది, మార్కులు పడతాయి. మరోవైపు ఎంబెడెడ్ సబ్జెక్టులో ఎల్ఈడీ వెలిగిస్తారు, బటన్ నొక్కితే ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి దీన్ని చూడమనే సంకేతం) వస్తుంది, అక్కడా మార్కులు పడతాయి. ఈ రెండూ కలిసే చోటు మాత్రం చాలా చోట్ల నేర్పరు. మీ సెన్సర్ నుంచి, మీ వైర్ల గుండా, మీరు రాసిన కోడ్ తీసుకొచ్చే డేటా అది. ఉద్యోగంలో తొంభై పాళ్లు తలనొప్పి అక్కడే ఉంటుంది. అందుకే మొదటి పన్నెండు వారాలు మోడల్ వైపు నుంచి కాకుండా సెన్సర్ వైపు నుంచి మొదలుపెట్టమంటాను.

పని చిన్నదే. ఒక టేబుల్ ఫ్యాన్‌కి యాక్సిలెరోమీటర్ (కదలికను కొలిచే సెన్సర్) తగిలించి, దాని కంపనాన్ని బట్టి ఫ్యాన్ ఆగి ఉందా, ఒకటో స్పీడా, రెండా, మూడా, లేక ఏదైనా రెక్క బరువు తేడాగా ఉందా అన్నది మైక్రోకంట్రోలరే (బోర్డు మీది చిన్న కంప్యూటర్ చిప్) చెప్పాలి. ఆ చివరి దాని కోసం ప్లగ్ తీసేసి ఒక రెక్క వెనక చిన్న టేపు ముక్క అంటించి, జాలీ బిగించాక తక్కువ స్పీడ్‌లోనే తిప్పండి. మొత్తం అయిదు తరగతులు. వినడానికి పిల్లల ప్రాజెక్టులా ఉంటుంది కానీ ఫ్యాక్టరీల్లో మోటార్లు, పంపులు పాడయ్యేముందు పసిగట్టే పరికరాలు చేసేది కూడా మూలంలో ఇదే.

మొదటి వారమే ఒక ఇబ్బంది వస్తుంది చూడండి. సెకనుకి ఎన్నిసార్లు కొలవాలి? చాలామంది 100 అని వేసేస్తారు, నేనూ అదే వేశాను. ఫ్యాన్ నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతోందనుకుందాం, అంటే సెకనుకి 20. మూడు రెక్కలు కాబట్టి రెక్కల తాకిడి సెకనుకి 60 సార్లు. సెకనుకి 100 సార్లు కొలిస్తే నిజంగా కనిపించేది 50 హెర్ట్జ్ (సెకనుకి 50 సార్లు) వరకే, అంతకు మించినది మాయమైపోదు, మడతపడి వేరే చోట తేలుతుంది. 60 హెర్ట్జ్ కంపనం 40 దగ్గర కనిపిస్తుంది. అక్కడ నిజంగా ఏమీ లేదు, కానీ మీ గ్రాఫ్‌లో శిఖరం ఉంటుంది, మోడల్ దాన్నే నమ్మకంగా నేర్చుకుంటుంది. స్పీడ్ కొంచెం పెరిగితే అసలు కంపనం పైకి వెళ్తుంది, మీ గ్రాఫ్‌లో మాత్రం కిందికి దిగుతుంది. దీన్నే ఎలియాసింగ్ అంటారు. డిగ్రీలో సిగ్నల్స్ పేపర్లో చదివే ఉంటారు, కానీ కళ్లముందు చూసినప్పుడే అది ఎందుకు చెప్పారో తెలుస్తుంది. ఎంపీయూ6050 అనే యాక్సిలెరోమీటర్ వాడితే దానిలోనే లో-పాస్ ఫిల్టర్ (ఒక హద్దుకి మించిన వేగపు కంపనాల్ని ఆపేది) ఉంది, దాన్ని 94 హెర్ట్జ్‌కి పెట్టి సెకనుకి 200 సార్లు కొలవండి, ఈ పనికి సరిపోతుంది. ఏ పైథాన్ నోట్‌బుక్కూ మీకీ సంగతి చెప్పదు, ఎందుకంటే నోట్‌బుక్ దగ్గరికి వచ్చేసరికే డేటా చెడిపోయి ఉంటుంది.

రెండో ఇబ్బంది ఆ అంకెల్ని లాప్‌టాప్‌కి పంపడంలో వస్తుంది. సీరియల్ వేగం (బోర్డు నుంచి లాప్‌టాప్‌కి సెకనుకి వెళ్లే బిట్లు) పాత అలవాటు కొద్దీ 9600 దగ్గర వదిలేస్తే సెకనుకి 960 అక్షరాలే వెళ్తాయి. ఒక్కో కొలతకి మూడు అక్షాల (ఎక్స్, వై, జెడ్ దిశల) అంకెలు, కామాలు కలిపి ఇరవై అక్షరాలనుకుంటే సెకనుకి 48 కొలతలు మాత్రమే దాటుతాయి. మీరు 200 అడిగారు, వచ్చింది 48, కానీ ఎర్రర్ ఏమీ రాదు. ఫైల్ చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది. 115200 కి మారిస్తే సెకనుకి 11,520 అక్షరాలు వెళ్తాయి, మనకి కావాల్సింది 4,000, హాయిగా సరిపోతుంది. అలాగే లూప్‌లో 5 మిల్లీసెకన్ల డిలే పెట్టి 200 హెర్ట్జ్ వచ్చిందనుకోకండి, సెన్సర్ చదవడానికి పట్టే టైం, ప్రింట్ చేయడానికి పట్టే టైం దానికి కలుస్తాయి. టైమర్ ఇంటరప్టో, సెన్సర్ ఇచ్చే డేటా-రెడీ పిన్నో వాడాలి. ప్రతి కొలత పక్కన మైక్రోసెకన్లలో టైం కూడా ప్రింట్ చేసుకుంటే నిజం తెలిసిపోతుంది. మీరు టెస్టింగ్‌లో పదకొండేళ్లు ఉన్నారు కదా, 'వచ్చిందనుకున్నది నిజంగా వచ్చిందా' అని అడగడం మీకు చేతనైన పని, కొత్తగా వచ్చే చాలామందికి లేని బలం అది.

ఇప్పుడు నాకు జరిగింది చెబుతాను. ఇలాంటి పనే ఒకసారి ఉద్యోగంలో ఒక మోటారు మీద చేశాను. డేటా ఒక పూటలో మొత్తం రికార్డు చేశాను, రెండేసి సెకన్ల ముక్కలుగా కోశాను, ఒక ముక్క సగం పక్క ముక్కలోకి వచ్చేలా, అలా చేయమనే అందరూ చెబుతారు. తర్వాత ముక్కలన్నీ కలగలిపి ఎనభై పాళ్లు శిక్షణకి, ఇరవై పాళ్లు పరీక్షకి తీశాను. నూటికి తొంభై అయిదు దాటి సరిగ్గా చెప్పింది, మా వాళ్లందరికీ చూపించాను. మర్నాడు సెన్సర్ విప్పి మళ్లీ బిగించాక దాదాపు ఏదీ సరిగ్గా చెప్పలేదు. నాలుగు రోజులు కోడ్‌లో వెతికాను. తప్పు కోడ్‌లో లేదు. పక్కపక్క ముక్కల్లో సగం డేటా ఒకటే కదా, ఒక సగం శిక్షణలోకి, అదే సగం పరీక్షలోకి వెళ్లింది, ప్రశ్నపత్రం ముందే చూసి పరీక్ష రాసినట్టయింది. పైగా మోడల్ నేర్చుకున్నది మోటారు గురించి కాదు, ఆ పూట నేను సెన్సర్‌ని ఎంత బిగించానన్నది.

అప్పటినుంచి నేను వదలని నియమం ఒకటుంది. రికార్డింగ్‌ని సెషన్లుగా చేయాలి, ప్రతి సెషన్‌కీ సెన్సర్ విప్పి మళ్లీ తగిలించాలి, వేరే రోజు, వేరే బల్ల, వీలైతే వేరే ఫ్యాన్. పరీక్షకి పక్కన పెట్టేది ముక్కల్ని కాదు, మొత్తం సెషన్‌ని. ఎనిమిది సెషన్లు చేస్తే ఆరింటితో శిక్షణ, రెండు చివరిదాకా ముట్టుకోకూడదు. అంకె తగ్గుతుంది, బాధేస్తుంది, కానీ ఆ తగ్గిన అంకే నిజమైనది. మనుషుల నుంచి తీసిన డేటా అయితే ఇదే నియమం మనిషికి వర్తిస్తుంది, ఒకే మనిషి రెండు వైపులా ఉండకూడదు.

మోడల్ గురించి తక్కువే రాస్తాను, దాని గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ముందు న్యూరల్ నెట్‌వర్క్ (న్యూరాన్లనే చిన్న లెక్కల్ని వరుసలుగా కలిపిన మోడల్) ముట్టుకోకండి. రెండు సెకన్ల ముక్కలో కంపనం ఎంత చెదిరి ఉందో ఒక్క అంకె లెక్కపెట్టి, దానికి హద్దులు గీసి చూడండి. ఫ్యాన్ ఆగిందా తిరుగుతోందా అన్నది దాంతోనే తేలిపోతుంది, అక్కడ ఎంఎల్ దండగ. తర్వాత ఎఫ్ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్, కంపనాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) తీసి ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలం ఉందో చూసి, డెసిషన్ ట్రీ (వరుసగా అవును-కాదు ప్రశ్నలు వేసి తేల్చేది) లాంటి సాదా పద్ధతి పెట్టండి. అది తడబడిన చోటే నెట్‌వర్క్ తీసుకురండి. ఒక్కో అక్షానికి 32 చొప్పున 96 అంకెలు లోపలికి, మధ్యలో 16 న్యూరాన్లు, చివర అయిదు తరగతులు. 96ని 16తో గుణిస్తే 1,536 వెయిట్లు (గుణించే అంకెలు), ఇంకో 16 బయాస్‌లు (కూడే అంకెలు), 16 ఇంటూ 5 కలిపితే 80, ఇంకో 5. మొత్తం 1,637 అంకెలు. ఫ్లోట్‌లో (దశాంశ అంకెల రూపంలో) ఒక్కోదానికి నాలుగు బైట్లు కాబట్టి దాదాపు ఆరున్నర కిలోబైట్లు, వెయిట్లను ఎనిమిది బిట్ల పూర్ణాంకాలకి క్వాంటైజ్ చేస్తే 1.7 దగ్గరికి వస్తుంది.

ఇంత చిన్నదానికి టెన్సర్‌ఫ్లో లైట్ మైక్రో లాంటి లైబ్రరీ పెట్టేముందు దయచేసి ఒక్కసారి మీ చేత్తో సీలో రాయండి. రెండు ఫర్ లూపులు, ఒక గుణకారం, ఒక కూడిక, సున్నా కంటే తక్కువైతే సున్నా చేసే ఒక లైను, అంతే. అది బోర్డు మీద నడిపి, అవే 96 అంకెలకి పైథాన్ ఏం చెప్పింది, సీ ఏం చెప్పింది పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగో దశాంశం దాకా కలిస్తే మంచిది. కలవకపోతే, నేను చూసినంతలో పదింట తొమ్మిదిసార్లు తప్పు నెట్‌వర్క్‌లో ఉండదు, దానికి ముందు జరిగే పనిలో ఉంటుంది. పైథాన్‌లో సగటు తీసేసి స్కేల్ చేశారు, సీలో మర్చిపోయారు. లేదా అక్షాల వరుస తారుమారైంది. ఈ ఒక్క సాయంత్రం పనితో మోడల్ అంటే ఉన్న బెరుకు పోతుంది. తర్వాత లైబ్రరీ వాడినప్పుడు అది లోపల ఏం చేస్తోందో కళ్లకి కడుతుంది.

మెమరీ గురించి ఒక్క ఉదాహరణ చెప్పి వదిలేస్తాను. మాట గుర్తుపట్టే పరికరాలు సెకనుకి 16,000 సార్లు శబ్దాన్ని కొలుస్తాయి, ఒక్కో కొలతకి రెండు బైట్లు, ఒక్క సెకనుకి 32,000 బైట్లు. అందరికీ తెలిసిన అర్డ్యూయినో ఊనోలో ఉన్న ర్యామ్ 2,048 బైట్లు, ఇంకేమీ పెట్టకుండా మొత్తం శబ్దానికే ఇచ్చినా అందులో ఇమిడేది 64 మిల్లీసెకన్ల శబ్దమే. అందుకే ఊనో కొనకండి. ఈఎస్‌పీ32లో 520 కిలోబైట్లు, 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికోలో 264 కిలోబైట్లు ఉన్నాయి, ఏదైనా సరే.

బ్యాటరీ సంగతి చివరి రెండు వారాలకి ఉంచండి కానీ వదలొద్దు. 20 మిల్లీయాంపియర్లు తాగుతూ ఎప్పుడూ మేలుకునే బోర్డు 1,000 మిల్లీయాంపియర్-గంటల బ్యాటరీ మీద 50 గంటలు నడుస్తుంది, రెండు రోజులు. అదే నిమిషానికి ఒక్క సెకను లేచి చూసి, మిగతా 59 సెకన్లు 0.1 మిల్లీయాంపియర్‌తో నిద్రపోతే సగటు 0.43, అంటే మూడు నెలలు. మోడల్ ఖచ్చితత్వం రెండు పాళ్లు పెంచడానికి నెల రోజులు కష్టపడేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి కూడా వేయకపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. మీరు మల్టీమీటర్‌తో కొలిచి చూడండి, నిద్రలో కూడా బోర్డు మీద వెలిగే పవర్ ఎల్ఈడీ, వోల్టేజ్ రెగ్యులేటర్ ఎంత తాగుతున్నాయో తెలిస్తే ఆశ్చర్యపోతారు.

లెక్కలు మర్చిపోయానన్నారు. మొత్తం తిరగేయక్కర్లేదు. మ్యాట్రిక్స్‌ని వెక్టర్‌తో గుణించడం, డెరివేటివ్‌లో చైన్ రూల్, సగటు, వేరియన్స్, కొంచెం ప్రాబబిలిటీ, ఈ పని వరకు ఇవి చాలు, ఫోరియర్‌ని మీకు ఫ్యానే నేర్పుతుంది. రెండు ఇన్‌పుట్‌లు, రెండు న్యూరాన్లు, ఒక అవుట్‌పుట్ ఉన్న నెట్‌వర్క్‌ని కాగితం మీద గీసి, అంకెలు వేసి, ముందుకీ వెనక్కీ ఒక్క అడుగు చేత్తో లెక్కపెట్టండి. ఒక ఆదివారం పడుతుంది. లీనియర్ ఆల్జీబ్రా మళ్లీ మొదటినుంచి కావాలనిపిస్తే ఎంఐటీలో 2023 వరకు పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ గిల్బర్ట్ స్ట్రాంగ్ క్లాసులు వాళ్ల ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఉచితంగా ఉన్నాయి, అంత ఓపిగ్గా చెప్పేవాళ్లు అరుదు. కానీ వాటిని ప్రాజెక్టు ఆపి చూడకండి, ప్రాజెక్టులో అవసరం వచ్చినప్పుడు ఆ పాఠం వరకు చూడండి.

భాష విషయంలో రెండూ కావాలి, లాప్‌టాప్ మీద పైథాన్, బోర్డు మీద సీ. మైక్రోపైథాన్‌తో మొదటివారం సెన్సర్ పలికించడం తప్పేమీ కాదు, అయినా సీ నుంచి తప్పించుకోలేరు. పాయింటర్లు, బిట్ ఆపరేషన్లు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు బిట్ల టైపులు, వోలటైల్ అనే సీ మాట ఎందుకు రాయాలో, ఇవి గట్టిగా పట్టుకోండి. ఏఐ సహాయకులతో కోడ్ రాయించుకోండి, నేనూ రాయించుకుంటాను, కానీ రిజిస్టర్ల (చిప్ లోపలి సెట్టింగుల గళ్ల) అడ్రస్‌లు, బిట్ల స్థానాలు అవి నమ్మకంగా తప్పు చెబుతుంటాయి, ప్రతిదీ డేటాషీట్‌లో (చిప్ తయారుచేసినవాళ్లు ఇచ్చే వివరాల పత్రం) చూసి సరిచూసుకోవాలి. డేటాషీట్ చదవడం మొదట్లో విసుగు, రెండు మూడు చదివాక అవన్నీ ఒకే తీరులో ఉంటాయని తెలిసిపోతుంది.

ఆ మూడు కోర్సులు. మీరు ఎందుకు వదిలేశారో రాయలేదు, నాకు తోచింది చెబుతాను. రాత్రి పదింటికి గంటన్నర టైం, అందులో ఇరవై నిమిషాలు నిన్న ఎక్కడ ఆపానో గుర్తు తెచ్చుకోవడానికి, బోర్డు ఉంటే ఇంకో పదిహేను వైర్లు పెట్టడానికి పోతే మిగిలేది వీడియో చూసే ఓపికే. వీడియో చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, ఒడ్డున కూర్చుని ఈత చూస్తున్నంతసేపూ మనకీ వచ్చనిపిస్తుంది కదా, అలాంటిది. వారం తిరిగేసరికి చేతిలో ఏమీ ఉండదు, మెల్లగా దూరమవుతాం. కాబట్టి రెండు ఏర్పాట్లు చేసుకోండి. బ్రెడ్‌బోర్డు, బోర్డు, సెన్సర్ ఒక పళ్లెంలోనో చెక్క మీదో అతికించేయండి, బల్ల ఖాళీ చేయాల్సి వస్తే వైర్లు పీకకుండా మొత్తం ఎత్తి పక్కన పెట్టొచ్చు. రెండోది ఒక నోట్‌బుక్, కాగితం నోట్‌బుక్కే. లేచేముందు మూడు ముక్కలు రాయండి, ఈరోజు ఏం అనుకున్నాను, ఏం జరిగింది, రేపు మొట్టమొదట చేయాల్సిన చిన్న పని ఏమిటి. ఆ మూడోదే మర్నాడు మిమ్మల్ని కూర్చోబెడుతుంది. వీడియోలు బస్సులోనో, పనులు చేసుకుంటూనో వినండి, గంటన్నర మాత్రం బోర్డుది.

ఒంటరిగా ఇరుక్కుపోతారు, తప్పదు. క్లాసులో అయితే పక్కవాడు తొంగిచూసి 'గ్రౌండ్ కలపలేదు' అంటాడు, అర నిమిషంలో అయిపోతుంది. ఇంట్లో అదే మూడు రాత్రులు తింటుంది. నేను ఒకసారి బోర్డు కంప్యూటర్‌కి కనిపించక డ్రైవర్లన్నీ మార్చి మార్చి విసిగిపోయాను, చివరికి చూస్తే యూఎస్‌బీ కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది, దాంట్లో డేటా వైర్లే లేవు. అందుకే ఒక నియమం పెట్టుకోండి, నలభై నిమిషాలు కదలకపోతే ప్రశ్న రాయడం మొదలుపెట్టాలి. ఏం జరగాలి, ఏం జరిగింది, ఏమేం చేసి చూశాను, వైరింగ్ ఫొటో, సమస్య కనిపించే అతి చిన్న కోడ్. సగం సార్లు రాస్తుండగానే జవాబు దొరుకుతుంది. మిగతా సగం సార్లు, అంత వివరంగా రాసిన ప్రశ్నకి తెలిసినవాళ్లు తప్పకుండా జవాబిస్తారు. దూరవిద్యలో చేరాక కూడా మీకు ట్యూటర్‌తో ఉండే సంబంధమంతా ఇలా రాసే ప్రశ్నల మీదే నడుస్తుంది, ఇప్పుడే అలవాటు చేసుకుంటే మంచిది. వోక్వీ లాంటి సిమ్యులేటర్లు కోడ్ తర్కం చూసుకోవడానికి చాలా బాగుంటాయి, బోర్డు దగ్గర లేనప్పుడు వాడండి, కానీ అక్కడ వైరు ఊడదు, నాయిస్ ఉండదు, వోల్టేజ్ పడిపోదు, అంటే మీరు నేర్చుకోవాల్సినవి అక్కడ లేవు.

పన్నెండు వారాలయ్యాక కోర్సు వాళ్లకి ఉత్తరం రాయండి. కిట్ మీరు పంపుతారా, నేను కొనుక్కోవాలా? ప్రాజెక్టుకి నా సొంత సెన్సర్ డేటా వాడనిస్తారా, లేక మీరిచ్చిన డేటాతోనే చేయాలా? నేను పంపిన పనిని మనిషి చూసి వ్యాఖ్యలు రాస్తారా, ఎన్ని రోజుల్లో? లైవ్ క్లాసులు, పరీక్షలు ఏ వేళల్లో ఉంటాయి? డిగ్రీకి మీ దేశంలో గుర్తింపు ఉందో లేదో మాత్రం వాళ్ల మాట మీద కాకుండా గుర్తింపు ఇచ్చే సంస్థ జాబితాలోనే చూసుకోండి. రెండో ప్రశ్నకి 'వాడుకోవచ్చు' అంటే, అందులోనూ మనిషి చూస్తాడంటే, నేనైతే చేరతాను. డేటా మేమే ఇస్తాం, మార్కులు సాఫ్ట్‌వేర్ వేస్తుంది అంటే ఆ డబ్బు మిగుల్చుకోండి, ఉచిత కోర్సులే అంతకంటే మెరుగు. ముప్పై నాలుగు అనేది నేను అసలు లెక్కలోకి తీసుకోలేదు, గమనించే ఉంటారు.

ఈ వారం కొనాల్సినవి ఒక ఈఎస్‌పీ32 లేదా పికో, ఎంపీయూ6050 మాడ్యూల్, బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్, సాదా మల్టీమీటర్. ఈ బోర్డుల పిన్నులకి 3.3 వోల్టులే, 5 వోల్టుల సిగ్నల్ నేరుగా ఇవ్వకండి. సెన్సర్‌కి ఐ2సీ (చిప్‌లు మాట్లాడుకునే ఒక పద్ధతి) మీద నాలుగు వైర్లు చాలు, పవర్, గ్రౌండ్, డేటా, క్లాక్. కొన్ని మాడ్యూళ్లకి పిన్నులు విడిగా వస్తాయి, సోల్డరింగ్ ఐరన్ మళ్లీ పట్టుకోవడానికి అది మంచి సాకు. మొదటి రాత్రి ఫ్యాన్ జోలికి వెళ్లకండి. సెన్సర్‌ని బల్ల మీద కదలకుండా పడుకోబెట్టి మూడు అక్షాల అంకెలు ప్రింట్ చేయండి. రెండు సున్నాకి అటూ ఇటూ ఊగుతుంటాయి. మూడోది మాత్రం, ప్లస్ మైనస్ 2 జీ పరిధిలో, 16,384 దగ్గర నిలబడాలి. అది భూమి లాగుతున్న బలం. సెన్సర్‌ని తలకిందులు చేస్తే అదే అంకె మైనస్‌లోకి వెళ్తుంది, నిలువుగా పెడితే వేరే అక్షానికి మారుతుంది. అవి మూడూ చూశారంటే మీ వైరింగ్ సరిగ్గా ఉంది, సెన్సర్ బతికే ఉంది, మర్నాడు ఫ్యాన్‌కి తగిలించొచ్చు.